తలకిందులుగా వేలాడిన పెరడు

1988 నవంబరు 20, ఆదివారం. ఆత్మకూరులో మా ఇల్లు, మధ్యాహ్నం భోజనాలయ్యాక. ఉన్నవాళ్లు: నేను, మా అత్త, ఉదయగిరి నుంచి పొద్దున బస్సుకు వచ్చిన ఆపా. మా ఆయన నిద్రపోతున్నారు కాబట్టి లెక్కలో వేయలేదు. వసారా పక్క చీకటి గదిలో, దండేనికి తలకిందులుగా వేలాడుతూ, అత్తగారి పెరడు కూడా ఉంది.

ఆనాటి డైరీలో ఇలాగే రాసుకున్నాను. చివరి మాటకు కొంచెం వివరం కావాలి.

ఎండుపూల పని నాకు ఉదయగిరిలో అబ్బింది. డెబ్బైలలో అక్కడ టీచరుగా ఉన్నప్పుడు మా పక్కింటివాళ్లు చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కేవాళ్లు. ఆ ఇంటి ఇల్లాలినే, అక్క అన్నట్టుగా, ఆపా అని పిలిచేదాన్ని. నాకు బదిలీ అయినప్పుడు వాళ్లాయన చెక్కిన కూజా ఒకటి చేతికిచ్చి, "ఇందులో నీళ్లు మాత్రం పోయొద్దు టీచరమ్మా, పగిలిపోతాది" అంది. నీళ్లు అడగని పూలు ఏవని అప్పటినుంచి వెతకడం మొదలుపెట్టాను.

మెల్లగా కొన్ని పద్ధతులు తెలిశాయి. మంచు ఆరాకే కోయాలి. రెల్లు విచ్చకముందే కోయాలి, విచ్చాక కోస్తే ఇల్లంతా దూదే. తంగేడు ఎంత మురిపించినా రేకు నిలవదు. కోడిజుట్టు పువ్వు అన్నిటికన్నా నమ్మకమైనది, కానీ ముదరనివ్వకూడదు, ముదిరితే గింజ రాలి బల్లంతా పాడవుతుంది. కట్టలు కట్టి తలకిందులుగా చీకట్లో వేలాడదీస్తే కాడ నిటారుగా నిలుస్తుంది, రంగు దిగదు.

మా అత్తగారి ఊరు సోమశిల డ్యాము నీళ్ల కింద మునిగిపోయే ఊళ్లలో ఒకటి. ఆ ఎండాకాలమే ఆమె మా ఇంటికి వచ్చేసింది. వచ్చిందనే గానీ పెద్ద గంగాళం, రోలు అక్కడే వదిలి వచ్చింది. మా పెరట్లో ఒక్క పాదు పెట్టలేదు. ఏదైనా విత్తనం వేయమంటే, "నా పెరడు ఆడుండాదిగా" అనేది. ఆమె మా ఇంట్లో బస్సు కోసం కూర్చున్న మనిషిలా ఉండిపోతుందేమోనని నా దిగులు.

నీళ్లు వచ్చేలోపు ఆ పెరట్లో పూలైనా కోసుకు వద్దామని అడుగుతూనే ఉన్నాను. "ఇప్పుడే కోస్తే అంతా అయిపోయినట్టే గదటే" అని ఆమె వాయిదా వేస్తూ వచ్చింది. చివరికి వెళ్లేసరికి కోడిజుట్టు ముదిరిపోయింది. అయినా కోశాను. జొన్న కంకులు, రెల్లు, బంతి కూడా కోశాను. గుమ్మం పక్కన నందివర్ధనం ఆమెకు ప్రాణం. అది ఎండదని చెప్పినా వినలేదు. పెన్న ఇసుక జల్లించి, ఎండబెట్టి, అందులో పూడ్చాను. తీసినప్పుడు తెల్లదనం పోయి, పాత కాగితంలా ఉంది. తర్వాత కొద్ది రోజులకే ఊళ్లోకి నీళ్లొచ్చాయి. వేపచెట్టు తల మాత్రం కనిపిస్తోందని చూసొచ్చినవాళ్లు చెప్పారు. ఆమె చూడటానికి వెళ్లలేదు.

మధ్యాహ్నాలు ఆ చీకటి గదిలో, కట్టల కింద చాప వేసుకుని పడుకునేది. కప్పులోని గాజు పెంకులోంచి ఒక్క వెలుగు చార దిగి, మెల్లగా గోడ మీదికి జరిగేది. ఒకరోజు నేనూ పక్కన వాలాను.

"నీళ్లలో నీడ మాదిరి ఉండాదే" అంది పైకి చూస్తూ. "అదిగో, ఆ ఎర్రది బాయి పక్కది. ఆ బంతి పందిరి కిందది."

ఆమె వేలు చూపిన చోటల్లా నాకూ కనిపించింది, బావి, పందిరి, గుమ్మం. పూలు కిందికి పెరుగుతున్నాయి. గాలికి కట్టలు ఊగితే కప్పు అలలాడింది. మేమిద్దరం నీటి అడుగున పడుకుని ఆ పెరట్లోకి చూస్తున్నట్టుంది. ఎండిన బంతి వాసన ఒంటిమీద పరుచుకుంది. ఎప్పుడు నిద్రపోయామో తెలియదు.

ఆ ఆదివారం కట్టలు దించి బల్ల మీద పరిచాను. చెక్క కూజా తుడిచి పెట్టాను.

"వాడిన పూలు ఇంట్లో పెట్టుకుంటారటే యాడన్నా?" అంది అత్త. "దేవుడికి పెట్టినవే మర్నాడు తీసి పారే నీళ్లలో ఏస్తామే!"

"వాడినవి కాదు పెద్దమ్మా, ఎండినవి" అంది ఆపా. "ఎండుచేపను చచ్చిపోయిందని పారేస్తారా?"

"పూలకు ఎండుచేపతో పోలికా! నీ నోట్లో మన్నుబొయ్య, బీబీ!" అని అత్త కూడా నవ్వింది.

వెనక రెల్లు, మధ్యలో జొన్న కంకులు, ముందు కోడిజుట్టు, బంతి పెట్టాను. పెట్టేకొద్దీ నల్లటి గింజలు బల్ల మీద రాలాయి.

"ముదిరినాయి, అదే చిక్కు. దులిపి పారేసొస్తా" అన్నాను.

"ఆగవే" అంది అత్త. పువ్వు కింద అరచెయ్యి పట్టి, రాలిన గింజల్ని చాలాసేపు చూసింది. నేను పక్కకు తీసేసిన నందివర్ధనాలను ఏరి చెంగున ముడేసుకుంది. కూజా నిండాక, "బాగుండాది" అంది గానీ ముఖం తిప్పుకుంది. సాయంత్రం కార్తీక దీపం పెట్టి, పూలగుత్తి వైపు చూడకుండానే లోపలికి పోయింది. ఇది ఆమె కోసం చేశానా, నా కోసమా అన్న అనుమానం నాకు మొదలైంది.

మర్నాడు పొద్దున లేచి చూస్తే కూజాలో రెల్లు, జొన్న కంకులే ఉన్నాయి. పెరటి తలుపు తీసి ఉంది.

అత్త బావి గట్టు పక్కన చేట ముందేసుకుని గొంతుక్కూర్చుని ఉంది. కోడిజుట్టు తలలు రెండు చేతుల మధ్య నలుపుతోంది. గింజ చేటలోకి రాలుతోంది, ఎర్రటి పొట్టు గాలికి పోతోంది.

"అంతా పీకేసినావా అత్తా?"

"గింజ లేనివి నీళ్లలోకి. గింజ ఉండేది వాడినట్టు కాదు."

రాత్రికి మా ఇంట్లోనే ఉండిపోయిన ఆపా వేపపుల్ల నములుతూ అంది, "చూసినావా టీచరమ్మా, నీ పూలగుత్తి ఒక రాత్రి గూడా నిలవలా!"

అత్త గరిటె కాడతో నేల గీరింది. "ఏంది, ఇంత గట్టిగా ఉండాదే ఈ మన్ను? ఎవురూ తవ్వలేదా?"

"తవ్వమని నిన్నే గదా అడగతా ఉండాం!" అన్నాను.

"తవ్వతానే ఉండానుగా. నీళ్లు తే." చెంగు ముడి ఒకసారి తడుముకుని, "మధ్యాహ్నం సోమశిల బస్సుకు పోదాం. ఇవి ఆడ నీళ్లలో కలిపొద్దాం" అంది.

చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాను. ఆమె పోయలేదు. వేళ్లు ముంచి, గింజ పైకి తేలకుండా, చినుకు చినుకుగా చల్లింది.