పొడిబట్ట లెక్క

మిల్లులో అందరూ ఆయన్ని జోస్యుడు అనేవారు. మగ్గం మీద ఒక్క పోగు ఎక్కకముందే ఆ బట్ట ఎంత తూగుతుందో, ఉతికితే ఎంత కుంచించుకుపోతుందో, ఎంత బరువుకి చిరుగుతుందో కంప్యూటరు ముందు కూర్చుని చెప్పేసేవాడు. చెప్పింది తప్పేది కాదు. అందుకు కాస్త గీర కూడా ఉండేది, ఎందుకుండదు మరి!

భార్యకు నడుము కింద చచ్చుబడ్డాక, ఆమెను గిలకకు వేలాడే ఉయ్యాలలో స్నానపు తొట్టిలోకి దించి ఎత్తడానికి బట్ట తనే నేయిస్తానన్నాడు. కూతురు తల పట్టుకుంది.

"ఒక్కడివే ఎలా చేస్తావు నాన్నా? ఈసారి ఏమన్నా అయిందంటే అమ్మను వృద్ధాశ్రమంలో చేర్చేస్తా. మళ్లీ అడ్డు చెప్పకూడదు."

సరేనన్నాడు. ఆమె లేని ఇంట్లో ఎలా తెల్లారుతుందో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

అప్పటిదాకా వాడిన ముతక బట్ట ఆమె వీపును ఒరుసుకుంటోందని పడుగూ పేకా మెత్తటి విస్కోస్ నూలే పెట్టించాడు. ఆమె బరువుకి రెండింతలు మోస్తుందని లెక్క తేలింది. పాత మనిషి కదా అని మిల్లువాళ్లు నేసిచ్చారు.

"జోస్యుడుగారూ, పడేశారో ఊరుకోను" అని నవ్వుతూనే ఆమె నీళ్లలోకి దిగింది.

స్నానం అయ్యాక గిలక తాడు లాగాడు. ఆమె నీళ్లమీదికి లేచింది. టప్పున పోగు తెగింది, వెంటనే ఇంకొకటి. అప్పుడు తట్టింది ఆయనకి. మిల్లులో పరీక్షగది ఎప్పుడూ పొడిగా ఉంటుంది, ఆయన లెక్కలన్నీ ఆ గదివే. విస్కోస్ తడిస్తే సగం బలం పోతుందని కొత్తవాళ్లందరికీ పాఠం చెప్పిన మనిషి, స్నానానికి బట్ట నేయిస్తూ నీళ్ల సంగతే మరిచిపోయాడు!

బట్ట నిలువునా చిరిగేలోపు తొట్టిలోకి దూకి ఆమె కింద పడ్డాడు. కాలితో బిరడా లాగాడు. నీళ్లు పోయాయి. ఆమె ఆయన గుండెల మీద ఉంది, ఆయన నడుము మాత్రం కదలనంటోంది.

"దెబ్బ తగిలిందా?" అంది.

"లేదు" అని అబద్ధమాడాడు.

పిలిస్తే పక్కింటాయన పరుగున వస్తాడు. ఆయనకు తెలిస్తే కూతురికి తెలిసినట్టే.

"అరవకండి. అరిస్తే నన్ను తీసుకెళ్లిపోతారు. కాసేపాగితే మీరే లేస్తారు" అంది ఆమె.

లేవబోయాడు. మళ్లీ లేవబోయాడు. భయంతో ఏడుపొచ్చింది. తడి ఒంటితో చలికి ఆమె పళ్లు టకటకలాడుతున్నాయి, పెదవులు నీలంగా మారుతున్నాయి.

"ఇంకా ఎంతసేపు ఓర్చుకోగలవే?"

"మీరు ఎంత చెబితే అంత."

ఆయన ఆమె చెవులు రెండూ అరచేతులతో గట్టిగా మూసి, గొంతు చించుకుని పక్కింటాయన్ని పిలిచాడు.