పెద్దామెకు ఓట్లడిగిన చిన్నామె

లాండ్రీ పెద్దామెకు కుళ్ళు ఎక్కువ. ఇది చాటుగా అంటున్న మాట కాదు, ఆమె ముందే అనొచ్చు. "ఉన్నమాటే కదా" అంటుంది. ఆ కుళ్ళంతా ఒక్క మనిషి మీదే, తన తోటికోడలి మీద.

అన్నదమ్ములిద్దరూ వెనకగదిలో ఇస్త్రీలు చూసుకుంటే, తోటికోడళ్ళిద్దరూ ముందు కౌంటర్ దగ్గర నిలబడతారు. బట్ట మీది మరకను వెలుతురులో పట్టి చూసి, అది కాఫీయో, నూనెయో, సిరాయో చెప్పడంలో పెద్దామెది ఆరితేరిన కన్ను. అయినా వచ్చిన గిరాకీ అంతా చిన్నామె వైపే నడుస్తుంది. మరక పోదని పెద్దామె చెబితే కొట్లాటకు దిగే మనిషి, అదే మాట చిన్నామె చెబితే నవ్వుకుంటూ వెళ్ళిపోతాడు. "దాని నాలుక మీద తేనె రాశారు, నా నాలుక మీద గంజి పెట్టారు" అని పెద్దామె మొగుడి దగ్గర వాపోయేది.

మాట నేర్చుకుందామనే ఆమె మా ప్రసంగాల క్లబ్బులో చేరింది. డ్రైవింగ్ స్కూలు పైగదిలో, రోడ్డు గుర్తుల పటాల మధ్య, ఆదివారం పొద్దున మేం కూడతాం. ఒకరు మాట్లాడతారు, ఒకరు తప్పొప్పులు చెబుతారు, సమయం కాగానే నేను గంట కొడతాను. మొదట్లో పెద్దామె కాగితం చూసి చదువుతూ కూడా తడబడేది. అయినా మానలేదు. కుర్చీలు వేసింది, టీలు పోసింది, కొత్తవాళ్ళకు భయం పోగొట్టింది, రానివాళ్ళకు ఫోన్ చేసి చీవాట్లు పెట్టింది. నాలుగేళ్ళలో ఆమె చేయని పని లేదు, అధ్యక్షురాలి పని తప్ప. ఆ కుర్చీ ఆమెకు కావాలి. ఇంట్లో అత్త చిన్నకోడలినే పిలుస్తుంది, కొట్లో గిరాకీ చిన్నామెనే అడుగుతుంది, ఒక్కచోటైనా తను ముందుండాలి. అంతే ఆమె కోరిక.

చిన్నామెను క్లబ్బుకు తెచ్చింది కూడా తనే. తన ప్రసంగానికి చప్పట్లు కొట్టే మనిషి ఒకరుంటారని తెచ్చిందట. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. మొదటి ఆదివారమే, అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద, చెప్పుల మీద అనుకుంటా, చిన్నామె లేచి కాగితం లేకుండా మాట్లాడింది. అందరూ పడీ పడీ నవ్వారు. నేను గంట కొట్టడం మరిచిపోయాను. పెద్దామె నా వైపు ఉరిమి చూసింది. ఆమె మాట్లాడేటప్పుడు నేనెన్నడూ మరిచిపోలేదు మరి.

మా ఎన్నికకు ఒక పద్ధతి ఉంది. ఎవరికి వారు నిలబడకూడదు. ఇంకొకరు లేచి, ఈ మనిషి ఎందుకు తగునో చెప్పి ప్రతిపాదించాలి. ఆ తర్వాత అందరూ చీటీ మీద సభ్యుల్లో తమకు నచ్చినవాళ్ళ పేరు రాస్తారు. ప్రతిపాదించిన పేరే రాయాలని లేదు. ఆ వెసులుబాటు ఎవరు పెట్టారో గానీ, ఇన్నాళ్ళూ దాంతో ఎవరికీ పని పడలేదు.

ఈసారి తనను ప్రతిపాదించమని పెద్దామె తోటికోడలినే అడిగింది. కౌంటర్ దగ్గర జరిగిన ఆ మాటలు తర్వాత నాకు చెప్పింది.

"నువ్వే మాట్లాడాలి. మిగతావాళ్ళు చప్పగా మాట్లాడతారు. నీ నోరైతే గెలిపిస్తుంది."

"నేనా? నిన్నగాక మొన్న చేరినదాన్ని కదక్కా."

"అయితే ఏంటి? నన్ను పొగుడు. మొహమాటపడకుండా బాగా పొగుడు."

"నీ గురించి చెప్పడానికి నాకు మొహమాటం దేనికక్కా?"

ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. పెద్దామెకు అదీ మంటే. తను ఇంతగా కుళ్ళుకుంటుంటే, అవతలి మనిషికి తన మీద రవ్వంతైనా కుళ్ళు లేకపోవడమేమిటి?

ఎన్నిక రోజు చిన్నామె లేచింది. పెళ్ళయిన కొత్తలో తను ఎవరిదో ఖరీదైన కోటు కాల్చేస్తే, ఆ నింద పెద్దామె తన నెత్తిన వేసుకున్న సంగతి చెప్పింది. "మా అక్కకు తియ్యగా మాట్లాడటం రాదు. జ్వరమొస్తే మందు తెచ్చిచ్చి, జ్వరమెందుకు తెచ్చుకున్నావని తిడుతుంది. మనకు అలా తిట్టే మనిషి ఒకరుండాలి" అంది. సగం మంది కళ్ళు తుడుచుకున్నారు. పెద్దామె మొహం వెలిగిపోయింది. చీటీలు రాశాం.

పాత అధ్యక్షుడు, బ్యాంకులో రిటైరైన పెద్దమనిషి, చీటీలు లెక్కపెట్టి గొంతు సవరించుకున్నారు. పెద్దామె అప్పటికే కుర్చీలోంచి సగం లేచింది. ఆయన చదివింది చిన్నామె పేరు.

పొగడ్త అందుకున్న మనిషి కంటే పొగిడిన నోరే మాకు నచ్చింది. మా బుద్ధులు అలా ఏడిశాయి. నాలుగేళ్ళు పోసిన టీ ఎవరికి గుర్తుంటుంది? పెద్దామె మెల్లగా కూర్చుంది. చప్పట్లు కూడా కొట్టింది, దుప్పటి దులిపినట్టు.

చిన్నామె గాభరాగా లేచింది. "నాకొద్దండీ. మీరు పొరపాటు పడ్డారు. భోజనం బాగుంటే వండినవాళ్ళను మెచ్చుకుంటారా, వడ్డించినవాళ్ళనా?" అంది. ఆ మాటకు చప్పట్లు ఇంకా పెరిగాయి. "వినయం చూశారా" అన్నారెవరో. ఆమె మళ్ళీ నోరు తెరిచింది.

పెద్దామె ఆమె చెయ్యి పట్టుకుని కిందికి లాగింది.

"కూర్చోవే తల్లీ. ఇంకొక్క మాట మాట్లాడావంటే నిన్ను జీవితాంతం అధ్యక్షురాలిని చేసేస్తారు."

గది ఘొల్లుమంది. ఆమె మాటకు మేం నవ్వడం అదే మొదటిసారి. ఆమెకు ఆ సంగతే పట్టలేదు. పక్కన చిన్నామె "అక్కా, నీ కుర్చీ" అంటూ వెక్కి వెక్కి ఏడుస్తోంది, చుట్టూ జనం చేరి ఓదారుస్తున్నారు. పెద్దామె లేచి నా దగ్గరికొచ్చి నిలబడింది.

"చూడు, పోయింది నాకైతే, ఏడవడం కూడా అదే నాకంటే బాగా ఏడుస్తోంది" అంది.