తైఖానాలో నాలుగు మగ్గాలు

మొన్న ఆదివారం మా మనవరాలు భోజనాల బల్ల మీద ఒక పెద్ద కాగితం పరిచింది. నల్గొండలో వాళ్లు కట్టుకుంటున్న ఇంటికి నేల కింద సెల్లారు ఉంది. గోడలకు రంగులు, నేలకు బండలు అన్నీ అయిపోయి, ఇక అందులో ఏది ఎక్కడ పెట్టాలన్నదే మిగిలింది. ఇంజనీరు గీసి పంపిన ఆ కాగితంలో సోఫాలు, బీరువాలు, ఆమె భర్త వ్యాయామం చేసుకునే యంత్రం, అన్నీ ఒకే దిక్కుకు, టీవీ వైపుకు తిరిగి వరుసగా కూర్చున్నాయి. పిల్లలు చదువుకునే బల్లకు మాత్రం చోటు చాలలేదని కొట్టేశారు. నేను కళ్లద్దాలు పెట్టుకుని కొలతలు రెండుసార్లు చదివి, కత్తెర తెమ్మన్నాను. కత్తెర ఎందుకో మా మనవరాలికి అర్థం కాలేదు. మీలో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినవాళ్లకు కూడా వెంటనే అర్థం కాకపోవచ్చు కాబట్టి, మొదటి నుంచి చెప్తాను.

అది ఫసలీ పదమూడు వందల యాభై రెండు, అంటే ఇంగ్లీషు లెక్కలో నలభై మూడు, ఎండాకాలం. నాకు పదకొండేళ్లు నిండి నాలుగు నెలలు. చిట్యాలకు రెండు కోసుల దూరంలో ఒక షావుకారు ఇంటి వెనుక భాగంలో మేము కిరాయికి ఉండేవాళ్లం. ఆ ఇంటి తూర్పు పంచలో మా నాలుగు మగ్గాలు వరుసగా ఉండేవి: తాతది, ఆయన పెద్దకొడుకు పెద్దబాపుది, నడిపివాడు మా బాపుది, చివరగా చిన్నవాడు మా కాకది. పంచ తూర్పుకు ఉంది కాబట్టి నలుగురూ తూర్పు ముఖంగానే కూర్చునేవాళ్లు. అలా కూర్చోవడం మా ఇంట్లో ఎంత అలవాటంటే, మగ్గం ఇంకో దిక్కుకు పెట్టవచ్చన్న ఆలోచనే ఎవరికీ వచ్చేది కాదు; తాత వాళ్ల తాత నుంచీ దీపం పెట్టి, తూర్పుకు దండం పెట్టి, మొదటి పోగు వేయడమే తెలుసు.

ఆ సంవత్సరం చైత్రంలో షావుకారు పంచను మూసి గదులు కట్టిస్తానని, వైశాఖ పున్నమిలోగా ఖాళీ చేయమని చెప్పాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఇంటి కింద తైఖానా, అంటే నేల కింది గది, పత్తి బస్తాల వ్యాపారం మానేసినప్పటి నుంచి ఉత్తగా పడి ఉంది, కావాలంటే అది వాడుకోమన్నాడు. నిజానికి మగ్గానికి అంతకంటే మంచి జాగా లేదు. మా వైపు ఎండలకు నూలు ఎండిపోయి పుటుక్కున తెగుతుంది. నేల కింద చల్లదనానికి పోగు మెత్తగా ఉంటుంది. పైగా దక్షిణం గోడకు, ఉత్తరం గోడకు పైన రెండేసి గవాక్షాలు ఉండటంతో వెలుతురుకూ లోటు లేదు. అందరూ సంతోషంగానే దిగారు. దిగి కొలిచాక సంతోషం పోయింది.

కొలవడంలోనే మొదటి తగాదా వచ్చింది. పెద్దబాపు తన మూరతో కొలిచి పొడవు పదిహేను అన్నాడు, కాక తన మూరతో కొలిచి పదిహేడు అన్నాడు. నేను పైకి పరుగెత్తి బట్ట కొలిచే గజం కట్టె తెచ్చి, గోడ వెంట జరుపుతూ కొలిచాను. తూర్పు పడమరలు ఎనిమిది గజాలు, ఉత్తర దక్షిణాలు ఆరున్నర. గజానికి రెండు మూరలు కాబట్టి, పదహారు మూరల పొడవు, పదమూడు మూరల వెడల్పు. ఈ రెండు అంకెలు నేను ఈనాటికీ నిద్రలో అడిగినా చెప్తాను.

గుంట మగ్గానికి ఎంత చోటు కావాలో కూడా చెప్పాలి. నేసేవాడు కాళ్లు గుంటలో పెట్టి కూర్చునే చోటు, అడ్డపోగు మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తే చోటు కలిపి, నాలుగు మూరల వెడల్పు, నాలుగు మూరల పొడవు. ఆ ముందర పడుగు, అంటే నిలువు పోగులు, సాగదీసి గుంజకు కట్టడానికి ఇంకో ఏడు మూరల పొడవు. అంటే మొత్తం పదకొండు. మా వాళ్లు బొగ్గుతో నేల మీద గీసి చూశారు. మూడు మగ్గాలు పక్కపక్కన పెడితే పన్నెండు మూరలు పోయి ఒక్క మూర మిగులుతుంది. ముందర మిగిలేది అయిదు మూరలు. అందులో పదకొండు మూరల మగ్గం ఎలా పడుతుంది? నాలుగు రోజులు గీశారు, చెరిపారు, మళ్లీ గీశారు. చివరకు పెద్దబాపు బొగ్గు విసిరేసి, "మూడే పడ్తయి. నాలుగోది మెట్ల మీద పెట్టాలె" అన్నాడు.

నాలుగోది అంటే కాకది. అందరికంటే చిన్నవాడు. పెళ్లై ఏడాదిన్నర, కల్వకుర్తి నుంచి వచ్చిన మా చిన్నమ్మకు అప్పుడు అయిదో నెల. ఊళ్లో ఇంకో మగ్గానికి జాగా దొరికేలా లేదు. "నేను షోలాపూర్ పోత తియ్యి అన్నా, గాడ మిల్లుల పని ఉన్నదట" అని కాక తేలిగ్గానే అన్నాడు. మా వాడలో అంతకుముందు షోలాపూర్ పోయినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. ఏడుగురు. వాళ్లలో తిరిగి వచ్చి మగ్గం ఎక్కినవాడు ఒక్కడూ లేడు. నాకు ఎక్కాలు నేర్పింది కాకే. అతని రేకు పెట్టె సర్ది గడప పక్కన పెట్టినప్పటి నుంచి నేను ఆ పెట్టెను దాటలేక వెనుక వాకిలి నుంచి తిరిగి వచ్చేదాన్ని.

ప్రయాణానికి మూడు రోజుల ముందు మా అవ్వ, అంటే బాపు వాళ్ల అమ్మ, దారి కోసం గారెలు, మురుకులు చేసింది. గరిటెలు తోమి బుట్టలో సర్దడం నా పని. మనసు ఎక్కడో పెట్టుకుని అన్నింటినీ ఒకే వైపు తలలు పెట్టి కుక్కుతుంటే మూడో గరిటెకే బుట్ట నిండింది. అవ్వ చూసి నెత్తి మీద ఒక్కటి మొట్టింది.

"తలకాయలన్నీ ఒక్క దిక్కే పెడ్తె ఎట్ల పడ్తయే? ఒకటి గిటు, ఒకటి గటు పెట్టు."

పెట్టాను. ఆరు గరిటెలూ పట్టాయి. నేను ఆ బుట్టను చూస్తూ అక్కడే నిలబడిపోయాను. ఎందుకంటే మా మగ్గం కూడా గరిటె లాగే ఉంటుంది! నేసేవాడు కూర్చునే చోటు తల, నాలుగు మూరలు. ముందర సాగే పడుగు కాడ, రెండు మూరల వెడల్పే. మా వాళ్లు నాలుగు రోజులు గీసింది మగ్గాన్ని కాదు, పెట్టెను. కాడకు కూడా తలకు ఇచ్చినంత వెడల్పు ఇచ్చేశారు.

తాటాకు తీసుకుని, మూరకు ఒక వేలు చొప్పున నాలుగు గరిటె బొమ్మలు కత్తిరించాను. నేల మీద పదహారు వేళ్లు, పదమూడు వేళ్లు గీసి సర్దాను. రెండు మగ్గాల తలలు పడమటి గోడకు, రెండింటి తలలు తూర్పు గోడకు. మధ్యలో నాలుగు పడుగులు ఒకదాని పక్కన ఒకటి, ఎదురెదురుగా. పడుగుకూ పడుగుకూ మధ్య సరిగ్గా ఒక మూర సందు. మెట్లు దిగే మూల ఖాళీగానే ఉంది. దానికి ఎదురు మూల మూడు మూరలు మిగిలింది కూడా. నేను మూడుసార్లు చెరిపి మళ్లీ సర్దాను, ఎక్కడో తప్పు ఉంటుందనే భయంతో. తప్పు దొరకలేదు.

కాకను పిలిచి చూపించాను. అతను గొంతుక్కూర్చుని, వేలితో ఒక్కో సందూ కొలిచి, మా బాపును కేకేశాడు. బాపు అడిగింది ఒక్కటే, పడుగు చివర నుంచి నేసేవాడి చేతి దగ్గరకు వచ్చే బిగింపు తాడు ఎటు నుంచి వస్తుందని. సందులో నుంచి అని చూపించాను. బాపు నా వైపు చూసిన ఆ చూపు తర్వాత నేను ఎన్ని పరీక్షలు పాసైనా మళ్లీ నాకు దొరకలేదు.

పెద్దబాపుకు తాటాకు మీద నమ్మకం కుదరలేదు. దాంతో మర్నాడు పొద్దున్నే అవ్వ ముగ్గుపిండి తీసుకుని, గజం కట్టెతో కొలిచి, వాకిట్లోనే తైఖానా అంతటినీ అసలు కొలతకు గీశాను. నలుగురినీ వాళ్ల వాళ్ల చోట్ల కూర్చోబెట్టాను. ఉత్త నేల మీద కూర్చుని, మోచేతులు తగులుతాయేమో చూడటానికి నలుగురూ లేని నాడెను అటూ ఇటూ విసురుతుంటే, వాడ వాడంతా వచ్చి నిలబడింది. పక్కింటి ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఏందవ్వా, మీ మొగోళ్లకు ఎండదెబ్బ తాకిందా? ఉత్తగనే నేస్తాన్రు!"

"నువ్వు జర పక్కకు జరుగు. పడుగు తొక్కుతాన్నవ్" అంది అవ్వ.

ఆమె ఉలిక్కిపడి కాలు తీసింది. వాకిలంతా ఘొల్లున నవ్వింది.

మోచేతులు తగల్లేదు. కానీ అప్పుడు పెద్దబాపు తల ఎత్తి చూశాడు. రెండు మగ్గాలు పడమటి ముఖంగా ఉన్నాయి. "గిదేంది? పడమటి ముఖం పెట్టి నేసుడా? మన ఇంట్ల ఎన్నడన్న ఉన్నదా? గా బట్ట ఎవడు కట్టుకుంటడు?" అని లేచి నిలబడ్డాడు. నవ్వులు ఆగిపోయాయి. నిజం చెప్పాలంటే నాకు ఆ సంగతి తట్టనే లేదు. మూరలు లెక్కపెట్టాను గానీ దిక్కులు లెక్కపెట్టలేదు. కాక కూడా లేచి దుమ్ము దులుపుకున్నాడు. గడప పక్కన రేకు పెట్టె కనబడుతూనే ఉంది.

తాత అప్పటిదాకా కూర్చునే ఉన్నాడు. ఆయన కూర్చున్నది తూర్పు ముఖం చోటు. మెల్లగా లేచి, ముగ్గు గీతలు చెరగకుండా అడుగులో అడుగు వేస్తూ ఎదురు వరుసకు నడిచి వచ్చి, పడమటి ముఖంగా కూర్చున్నాడు.

"పొద్దు పొడిచేది డెబ్బై ఏండ్లు చూసిన. ఇగ పొద్దుగూకేది చూస్త. నీకేమన్న ఫికరా?"

ఇంటి పెద్దే కూర్చున్నాక ఇంకెవరు మాట్లాడతారు? పడమటి ముఖం ఉన్న రెండో చోటులో మా బాపు వచ్చి కూర్చున్నాడు, "నా బిడ్డ గీసిన గీత, నేను కూసోకుంటె ఎట్ల" అంటూ. పెద్దబాపు గొణుక్కుంటూనే వెళ్లి తాత వదిలిన చోట్లో తూర్పు ముఖంగా కూర్చున్నాడు. కాక ఇంకా నిలబడే ఉన్నాడు. నాలుగో చోటు ఖాళీగా ఉంది. అవ్వ ఒక్కసారి గట్టిగా, "కూసోరాదురా!" అంది. కూర్చున్నాడు.

పున్నమికి మూడు రోజుల ముందే నాలుగు గుంటలూ తవ్వి, దీపం పెట్టి, నాలుగు మగ్గాలూ దించాం. షోలాపూర్ వెళ్తున్న ఒకాయనతో, మా కాక రావడం లేదని కబురు పంపాం. మిగిలిన మూల అవ్వ రాట్నానికి సరిపోయింది. దాని పక్కన రేకు పెట్టె పెట్టి నూలు చుట్టిన కండెలు దాచుకున్నాం. నేను గోడ మీద బొగ్గు గీతలతో తెగిన పోగులు లెక్క రాసేదాన్ని: పంచలో ఆఖరి రోజు నాలుగు మగ్గాల మీద కలిపి నలభై ఒకటి తెగాయి, తైఖానాలో మొదటి రోజు తొమ్మిది. వానాకాలంలో చిన్నమ్మకు ఆడపిల్ల పుట్టింది. కాక గోడ మీద నా గీతల పక్కనే ఇంకో గీత గీసి, అయిదో మగ్గానికి జాగా చూడమన్నాడు.

ఎవరూ అనుకోనిది ఇంకొకటి జరిగింది. పంచలో వరుసగా కూర్చున్నన్నాళ్లూ ఒకరి ముఖం ఒకరికి కనబడేది కాదు. ఇక్కడ తాతకు ఎదురుగా కొడుకులు, బాపుకు ఎదురుగా అన్న, తమ్ముడు. నేస్తూనే ఎకసెక్కాలు ఆడుకునేవాళ్లు, పాటలు అందుకునేవాళ్లు. తాత ఆ చోట్లోనే, పడమటి ముఖంగా, ఇంకా ఆరేళ్లు నేశాడు. ఆయన నేసిన బట్ట ఏ దిక్కుకు నేసిందని ఒక్కరూ అడగలేదు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు తైఖానాను మట్టితో పూడ్చేశారు. ఆ నలుగురిలోనూ ఎవరూ లేరు.

మనవరాలి కాగితం సంగతి చెప్పనే లేదు. సోఫాల్లో సగాన్ని కత్తిరించి ఎదురెదురుగా తిప్పాను. పిల్లల బల్లకు చోటు వచ్చింది. ఇంజనీరు కూడా ఒప్పుకున్నాడు. అలా అయితే టీవీ సగం మందికే కనబడుతుందని మనవరాలు అంది. మిగతా సగం మంది ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారని చెప్పాను. నవ్వింది గానీ, అలాగే ఉంచింది.

వాళ్లు పడుకున్నాక నేను ఆ కాగితం వెనుక ఇంకో లెక్క వేశాను. సెల్లారు పొడవు ముప్పై మూడు అడుగులు, వెడల్పు ఇరవై నాలుగు అడుగులు. అంటే ఇరవై రెండు మూరలు, పదహారు మూరలు. మెట్లకు ఒక మూల వదిలినా, రాట్నానికి ఒక మూల వదిలినా, ఆ సెల్లారులో ఏడు మగ్గాలు పడతాయి. రెండుసార్లు సరిచూసుకున్నాను. లెక్క తప్పలేదు. కూర్చోవడానికి మనుషులే లేరు.