దూది మచ్చలు

అందరూ చెరువాయన అని పిలిచే ఆ పెద్దమనిషికి తాను పెంచే చేపలంటే ప్రాణం. చలికాలమంతా పొద్దున్నే మఫ్లరు చుట్టుకుని చెరువుగట్టుకు వస్తాడు. చేతివలతో ఒక్కో చేపనూ పట్టి, పసిపిల్లకు జ్వరం చూసినట్టు ఒళ్లంతా తడిమి, "బానే ఉన్నావులే, పో" అని వదులుతాడు. ఈ ఏడాది చేపలకు దూదిలాంటి తెల్లబూజు పట్టింది. బెంగకొద్దీ ఆయన తడమడం ఇంకా ఎక్కువైంది.

ఓరోజు టీ తెచ్చిన భార్య ఆయన చేతిలో చేపను చూసి ఆగిపోయింది.

"ఆ మచ్చల మీద నీ వేళ్లు పెట్టి చూడు."

పెట్టాడు. నాలుగు మచ్చలూ నాలుగు వేళ్లకిందా సరిగ్గా ఇమిడిపోయాయి.

"చలికాలంలో పొలుసు లేచిన చోటే బూజు పడుతుందని అందరికీ చెప్పేది నువ్వే కదయ్యా!"

ఆయన చేపను మెల్లగా నీళ్లలోకి జారవిడిచాడు.

మర్నాడూ అదే వేళకు వచ్చాడు. వల తేలేదు. రెండు చేతులూ చంకల్లో దోపుకుని, నీళ్లమీదికి వంగి అడిగాడు:

"ఎలా ఉన్నారర్రా?"