కర్పూరం ఆరిన లోతు

విశాఖ రేవులో మేస్త్రీ నీలకంఠానికి ఉన్న గర్వం ఒక్కటే: తన ముఠాలో అందరికంటే ముందు ఓడ అడుగుకి తానే దిగుతాడు. ఆనందపురం పొలాలు వదిలి కలాసీగా వచ్చిన నాటినుంచీ చూసిన పద్ధతే అది. సరుకు గది మూత తీయగానే డెక్కు మీద కర్పూరం వెలిగించాలి. నిలకడగా మండితే లోపల క్షేమం. సముద్రాన్ని నమ్ముకున్నవాళ్లు ఎక్కడైనా అంతే, ఏదో ఒకటి వెలిగించి గాని అడుగెయ్యరు. ఆ ముచ్చట్లు మొదలెడితే పొద్దు చాలదు.

ఎనభై ఒకటిలో ముసురు పట్టి, ఇనప తురుము నింపిన ఓడ మూతలు బిగించుకుని రేవులోనే ఉండిపోయింది. వాన వెలిసిన ఉదయం అతను చద్దన్నం తింటుంటే, పక్కన కూతురు గౌరీశ్వరి ఇంటర్ పాఠం వల్లెవేస్తోంది.

“మోలంటే డజను లాంటిదే నానా. డజనుకి పన్నెండు. మోలుకి ఆరు పక్కన ఇరవై మూడు సున్నాలు, అన్ని పరమాణువులు.”

“ఎవులు లెక్కెట్టారే?”

“లెక్కెట్టక్కర్లేదు, తూస్తే సాలు. ఏబై ఆరు గ్రాముల ఇనుము ఒక మోలు. కిలోకి పద్దెనిమిది మోళ్లు. నాలుగు ఇనప పరమాణువులు తుప్పట్టాలంటే మూడు ఆక్సిజన్ అణువుల్ని తింటాయి. మోళ్లలోనూ అదే పాళ్లు. కిలో ఇనుముకి పదమూడు మోళ్ల పైన. అంటే రెండు బీరువాల్లో పట్టే గాలిలో ఉన్న ఆక్సిజనంతా.”

“గాల్ని బీరువాలో ఎడతన్నావేటే?”

ఆ పిల్ల నవ్వలేదు. “మీ ఓడలో తురుము తడిసిందా?”

“తడిసే ఎక్కింది. టన్నులకి టన్నులు.”

“అయితే కర్పూరం పైన కాదు నానా. కిందకి దింపు.”

నీలకంఠం ముద్ద కంచంలో వదిలి చెయ్యి కడుక్కున్నాడు.

రేవులో కర్పూరం పళ్లేనికి తాడు కడుతుంటే, అదే ఓడలో రెండో గది మేస్త్రీ తవిటయ్య చూశాడు.

“ఏటి బావా, సేపలకి హారతా?” అని, నవ్వుకుంటూ తన ముఠా దగ్గరికి పోయాడు.

పళ్లెం దిగింది. సగం లోతులో మంట ఎర్రబడి, చిన్నదై, ఆరింది. పైకి లాగి మళ్లీ వెలిగిస్తే చక్కగా మండింది. దింపితే అదే లోతులో ఆరింది. గాలి వీచడం లేదు. కింద తురుము ఎర్రగా, మెత్తగా, కదలకుండా ఉంది. నీలకంఠం నిచ్చెన మీంచి కాలు వెనక్కి తీసుకున్నాడు.

తవిటయ్యకి చెప్పాలని తిరిగాడు. అక్కడ డెక్కు మీద కర్పూరం తెల్లగా, నిటారుగా వెలుగుతోంది. చుట్టూ కలాసీలు ముందే లోపలికి దిగిన మేస్త్రీ కేక కోసం చూస్తున్నారు.

“పలకట్నేదు. దిగి సూసొత్తాను,” అంటూ ఒకడు నిచ్చెన పట్టుకున్నాడు.

నీలకంఠం పరుగున వచ్చి వాడి చొక్కా దొరకబుచ్చుకున్నాడు.