వూఫర్‌లో వినబడిన నా డోలక్

నాది ఆళ్లగడ్డ, పేరు పౌలు. చదివింది పల్లె బడిలో ఐదో తరగతి. అయినా మా చర్చి పాటల బృందంలో నలభై రెండేళ్లు డోలక్ వాయించాను. మూడు వందలకు పైగా పెళ్లిళ్లలో నా చెయ్యి ఆడింది. నంద్యాల పాటల పోటీలో మా బృందానికి మొదటి బహుమతి వచ్చింది. వేళ్లు బిగుసుకుపోయి రెండేళ్ల కిందట డోలక్ పక్కన పెట్టాను.

ఆ పోటీనాటి క్యాసెట్టును మా అమ్మాయి షాలిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, చిన్న స్టీరియో కొనిచ్చింది. ముందుండి పాడిన మా ఆవిడ దేవమ్మ గొంతు అందులో గంటలా పలికింది. నా డోలక్ మాత్రం అట్టపెట్టె తట్టినట్టుంది. ఎడమచేతి బరువు దెబ్బ ఒక్కటీ లేదు. ఆ బరువు మోత పలికించే సబ్ వూఫర్ పెట్టె తగిలిద్దామన్నాను.

"ఇల్లదురుతాది. ఉన్నది చాల్లే" అంది దేవమ్మ.

"నీ గొంతు వినబడతాంది గాబట్టి చాల్లే అంటాండావ్."

"నీ డోలక్ వినబడకపోతేనే నీకు మంచిది. మూడో చరణంలో తాళం తప్పింది నువ్వే."

ఇది ఇరవై ఏళ్ల తగువు. ఆమె ఒక మాటను సాగదీసినందువల్లే పాట జారిందని నేను పదిమందిలో చెబుతూ వచ్చాను.

విని తేల్చుకుందామని ఇద్దరం నంద్యాల బస్సెక్కాం. అక్కడ స్పీకర్లమ్మే అంగడి యజమాని రామనాథం సెట్టి బియ్యం డబ్బా అంత వూఫర్ తగిలించి మా పాట పెట్టాడు. మొదటి దెబ్బకే నా ఒళ్లు ఝల్లుమంది.

"విన్నావా సెట్టీ? అదీ నా ఎడమచెయ్యి!"

"ఏం చెయ్యి నీదప్పా! అద్దాలు అదురుతాండాయి."

మూడో చరణం వచ్చింది. ఒక దెబ్బ పడలేదు. తర్వాతది తొందరపడి పడింది. అప్పుడు దేవమ్మ ఆ మాటను పట్టుకుని సాగదీసింది. నా చెయ్యి దారికి వచ్చాకే వదిలింది. మళ్లీ పెట్టించాను. మళ్లీ అదే వినబడింది.

"నాకోసం ఆగినావా?"

"మరి? బహుమతి పోగొట్టుకుందామా? పా, ఇంటికి పోదాం. తప్పు వినేదానికి ఇంత పెట్టె ఎందుకు?"

కొనకపోతే ఆ తప్పు ఆ అంగట్లోనే ఉండిపోతుంది. కానీ నా ఎడమచెయ్యీ అక్కడే ఉండిపోతుంది. ఆమె నన్ను కాచిన సంగతీ ఎవరికీ తెలియదు.

"పెట్టె కట్టివ్వు సెట్టీ" అన్నాను. "వినేవాళ్లకు నేనే చెప్తా, తప్పింది నేనని."

"చెప్తావులే! ముందు మీ తమ్ముడు ఎడ్విన్‌కు చెప్పు. ఇరవై ఏండ్లుగా ఆయప్ప నన్ను 'సాగదీత వదినా' అని ఏడిపిస్తాండాడు."

ఆదివారం ఆరాధన అయ్యాక ఎడ్విన్‌ను ఇంటికి పిలిచి కూర్చోబెట్టి పాట పెట్టాను. మూడో చరణం దాటింది. వాడికి ఏమీ పట్టలేదు.

"ఏం దెబ్బన్నా! గుండెకాయలో మోగతాంది" అన్నాడు.

ఊరుకోవచ్చు. పాట ఆపి, తాళం తప్పింది నేనేనని, పాటను నిలబెట్టింది మీ వదినేనని చెప్పాను.

"ఇంగ కొంచెం గట్టిగా చెప్పు" అంది దేవమ్మ లోపలినుంచి. "కూర తిరగబోస్తాండా, సరిగ్గా వినబడలే."

గట్టిగా చెప్పాను.