తిరగబడ్డ పేరు

నన్ను నాందేడ్‌లో మరాఠీ బడిలో చేర్పించిన రోజు, నాయన తన సొంతూరు, తెలుగువాళ్లుండే కర్ఖేలి అలవాటు ప్రకారం ముందు ఇంటిపేరు, తర్వాత నా పేరు చెప్పాడు. మరాఠీ వాళ్ల వరుస వేరు. ముందు పేరు, మధ్యలో తండ్రి పేరు, చివర ఇంటిపేరు. గుమాస్తా ముందు విన్నదాన్నే పేరనుకున్నాడు. అలా మా ఇంటిపేరు నా పేరైంది, నా అసలు పేరు తోకకు చేరింది.

స్నేహితురాలు వాకిట్లో నిలబడి కేకేస్తే ఇంట్లో ఉన్నవాళ్లందరం పలకాల్సినవాళ్లమే. బాబాయి కావాలనే "వస్తున్న" అంటూ బయటికి వెళ్లేవాడు. అందరం నవ్వేవాళ్లం, నాయన తప్ప. నాకు పెట్టింది ఆయన తల్లి పేరు. ఆ పేరు నోటితో అనలేక నన్ను "అవ్వా" అనే పిలిచేవాడు.

మంచాన పడ్డాక ఆయనకు అదే బెంగ.

"అవ్వా, మా అవ్వ పేరు నేనే ఆగం జేసిన. నేను పోయెలోపల సక్కగ చేపియ్యి."

"నీ తప్పేంది నాయనా? ఆ గుమాస్తా చెవులల్ల దూది పెట్టుకున్నడు" అన్నాను. నాకు కోపం ఎక్కువ.

పేరు మార్పుకు దరఖాస్తు పెడితే గెజెట్‌లో సరిగ్గానే అచ్చయింది. నాయన ఆ కాగితాన్ని తడిమి చూసి, "బ్యాంకుల గూడ మారిందా?" అన్నాడు. మారలేదు. "సహీ జుళత్ నాహీ," సంతకం కలవడం లేదు, అంది కౌంటర్‌లో అమ్మాయి. పేరే మారితే పాత సంతకం ఎలా కలుస్తుంది తల్లీ అని గొడవపడ్డాను. మళ్లీ రమ్మన్నారు. వెళ్లినప్పుడల్లా మళ్లీ రమ్మన్నారు. ఇంటికొస్తే ఆయన కళ్లు నా సంచీ మీదే ఉండేవి. "రేపు నాయనా" అనేదాన్ని. ఆ రేపు రాకముందే ఆయన పోయాడు.

దినాలయ్యాక వెళ్లి బ్యాంకు బెంచీ మీద కూర్చున్నాను. కౌంటర్ నుంచి ఎవరినో పిలుస్తున్నారు. ఎవరూ లేవడం లేదు. ఎవరో గానీ ఎంత పొగరు అని విసుక్కున్నాను. పక్కనున్న పెద్దమనిషి నా చేతిలోని గెజెట్ చూసి, "తాయీ, తుమ్హాలాచ్" అన్నాడు. పిలుస్తున్నది నన్నే.

ఆ పేరుతో అంతవరకూ నన్నెవరూ పిలవలేదు. వెళ్లి పేరు మారిన పాస్‌బుక్కు తీసుకున్నాను. మరాఠీ వరుసలో నాయనమ్మ పేరు, దాని పక్కనే నాయన పేరు. తల్లీ కొడుకులు పక్కపక్కన ఉన్నారు. చూడాల్సిన మనిషే లేడు.